ఉత్తర్వు కోసం ఆగని ఉద్యోగి

1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక భోపాల్ స్టేషన్‌ను విషవాయువు కమ్ముకుంటుంటే, డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ గులాం దస్తగీర్ పై అనుమతి కోసం ఆగలేదు. ప్రయాణికులతో కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్ రైలును వేళకు ముందే పంపేశారు, ఆ బాధ్యత తన నెత్తిన వేసుకున్నారు. అటుగా వచ్చే రైళ్లను ఆపమని పక్క స్టేషన్లకు కబురుపెట్టారు. ఎవరికి తోచింది వాళ్లు చేస్తే రైల్వే నడుస్తుందా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆయన తోచినట్టు చేయలేదు. తోటి సిబ్బందికి చెప్పి, ఒప్పించి మరీ చేశారు.

అలాంటి చొరవకు మన దగ్గర విలువేదీ? మన ఆఫీసుల్లో ఫైలును పైకి తోసేసినవారికి ఏమీ కాదు, నిర్ణయం తీసుకున్నవారికే మెమో. అదే టయోటా కార్ల కర్మాగారంలో లోపం కనబడితే మామూలు కార్మికుడే తాడు లాగి ఉత్పత్తి లైను ఆపించగలడు. అక్కడ అది అతని విధి. చొరవ చూపమని హితబోధ చేసేముందు, సదుద్దేశంతో చేసిన పొరపాటుకు శిక్ష ఉండదని యాజమాన్యాలు రాసివ్వాలి.