మాట పోయినచో మతి పోవునా?

పక్షవాతముచే మాట కోల్పోయిన పెద్దను మంచమున బరుండబెట్టి, ఆయన యెదుటనే "ఆయనకేమి తెలియునులెండు" అని వచ్చినవారితో చెప్పు ఇండ్లు మనలో నెన్ని లేవు! వాక్కు తడబడినచో బుద్ధియు నశించెనని మనవారి నమ్మకము. ఇది జాలి పేరిట జరుగు అన్యాయమని మా వాదము. ఇందుకు స్కాట్లండు గాయకుడు ఎడ్విన్ కాలిన్సు చరిత్రమే సాక్ష్యము.

1970ల చివర పంక్ సంగీతపు ఉద్రేకము తగ్గుచుండగా, దాని తెగువను విడువక క్రొత్త పోకడలు వెదకిన సంగీతమును పోస్ట్-పంక్ అనిరి. ఆ త్రోవ నడచిన గ్లాస్గో మేళము ఆరెంజ్ జ్యూస్. దానికి కాలిన్సు నాయకుడు. 1980లో పోస్ట్‌కార్డ్ అను చిన్న సంస్థ వారి తొలి రికార్డును వెలువరించెను. 1983లో "రిప్ ఇట్ అప్" బ్రిటిషు పట్టికలో 8వ స్థానమునకు వచ్చెను. 1985లో మేళము విడిపోయెను. ఇక నీతని పని ముగిసెనని తలచినవారికి, ఒంటరిగా పాడిన "ఎ గర్ల్ లైక్ యూ" 1995లో 4వ స్థానమునకెక్కి బదులు చెప్పెను.

2005 ఫిబ్రవరిలో ఆతని మెదడున రక్తస్రావమయ్యెను. కుడిచేయి స్వాధీనము తప్పెను. నోట మిగిలినవి నాలుగే: అవును, కాదు, భార్య గ్రేస్ మాక్స్‌వెల్ పేరు, "అవకాశములు అనంతములు" అను వాక్యము. వైద్యులు దీనిని అఫేసియా యందురు. మాటలను కూర్చు మెదడు భాగము దెబ్బతినును గాని, దానితో తెలివి తొలగిపోదు.

ఆతడు మరల చదువ నేర్చెను; ఎడమచేత పక్షుల బొమ్మలు గీసెను. తంత్రులు మీటజాలకున్నను, మిత్రుల చేతుల సాయమున 2010లో "లూజింగ్ స్లీప్" అను క్రొత్త పాటల సంపుటమును వెలువరించెను. 2013, 2019, 2025 సంవత్సరములలోను సంపుటములు వచ్చెను. మతి పోయినవాడు చేయు పనియా యిది?

"ఆతనికి ధనమున్నది, పేరున్నది, మాకేమున్నది?" అని కొందఱందురు. వైద్యమునకు ధనము కావలయును, నిజమే. చిన్న ప్రశ్న యడిగి, బదులు వచ్చువఱకు వేచియుండుటకు ధనమేల? ఆయన వెదకుకొనుచున్న మాటను మనమే తొందరపడి పూరింపకుండుటకు పేరేల? ఇంటి లెక్కలలో, పెండ్లి మాటలలో ఆయన సమ్మతి నడుగుటకు ఖర్చేమి?

కాలిన్సు అందఱికిని దృష్టాంతము గాడు. కొందఱికి మాట యెన్నటికిని తిరిగిరాదు. అట్టివారును వినుచున్నారు. చదువరులారా! నేటి సాయంకాలము ఆ మంచము చెంత గూర్చుండి, ఆయనను గూర్చి కాదు, ఆయనతో మాటలాడుడు.