బరిణె మూత బిగువు అంకుడు కర్రలోనే
ఏటికొప్పాకకు గౌరవాలు దక్కినా తీరని ముడిసరుకు కొరత

చిక్కడపల్లి: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ లోగిళ్లలో పేరంటమైనా, దసరా బొమ్మల కొలువైనా కుంకుమ బరిణెకు ప్రత్యేక స్థానం ఉంది. చెక్క బరిణెల్లో పేరెన్నికగన్నవి అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బరిణెలు. ఈ హస్తకళకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. దీని పునరుద్ధరణకు కృషి చేసిన సి.వి.రాజును 2023లో పద్మశ్రీ వరించింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఏటికొప్పాక బొమ్మల శకటం తృతీయ బహుమతి సాధించింది. అయితే కళ మనుగడను నిర్ణయించేది పురస్కారాలు కాదు, అంకుడు కర్ర.

మూతే పరీక్ష

అంకుడు తెల్లని, మెత్తని కర్ర. దీనిని బాగా ఆరబెట్టిన తరువాతే లేతుపైకి ఎక్కించాలి. పచ్చికర్రతో చేసిన బరిణె తొలినాడు చక్కగా మూసుకున్నా, ఆరేకొద్దీ కుంచించుకుపోయి గుండ్రదనం కోల్పోతుంది. మూత బిగుసుకుపోవడమో, వదులైపోవడమో తప్పదు. అందుకే పనివారు అడుగుభాగాన్ని తొలిచి, అంచును మెట్టుగా దించి, మూతను పలుమార్లు అమర్చి చూస్తూ ఉలితో సరిచేస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నునుపు, మెరుపు వస్తాయి. బొమ్మబండి చక్రానికీ, ఇరుసుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

రాయితీలు అమ్మకానికే

కేంద్రం దిగుమతి బొమ్మలపై సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి అమలైన బొమ్మల నాణ్యత నిబంధనల నుంచి నమోదిత హస్త కళాకారులకు, భౌగోళిక గుర్తింపు గల ఉత్పత్తులకు మినహాయింపునిచ్చింది. ఇవన్నీ అమ్మకానికి ఊతమిచ్చేవే. అడవిలో తరిగిపోతున్న కర్రను ఇవి పెంచలేవు. కర్ర దొరకనప్పుడు ఆరబెట్టే గడువు కుదించాలన్న ఒత్తిడి పనివారిపై పడుతుంది. ఆ లోపం చివరకు కొనుగోలుదారు చేతిలో, మూత వద్ద బయటపడుతుంది.

అంకుడు చెట్టును మొదలు వరకు నరికినా తిరిగి చిగురిస్తుంది. పరిసర గ్రామాల బంజరు భూముల్లో మొక్కలు పెంచి, వంతులవారీగా కర్ర కొట్టుకునే హక్కును కళాకారుల సంఘాలకు కల్పిస్తే అడవిపై భారం తగ్గుతుంది. నగరవాసులు సైతం రంగు చూసి కాక, మూత తిప్పి చూసి కొనడం అలవరచుకోవాలి. ఆరిన కర్రకు తగిన ధర దక్కినప్పుడే ఆరబెట్టే ఓపికకు విలువ ఉంటుంది. అటవీ, హస్తకళల శాఖలు సమన్వయంతో ఈ దిశగా చర్యలు చేపట్టాల్సి ఉంది.