అంగన్‌వాడీ టీచరును ఉద్యోగిగా ఒప్పుకోవాలి

ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పని ఒకటా రెండా! పిల్లలను కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పాలి. బరువు తూయాలి, ఎత్తు కొలవాలి. గర్భిణులకు, బాలింతలకు గుడ్డు, పాలు, భోజనం అందేలా చూడాలి. ఆ లెక్కలన్నీ రిజిస్టర్లలో రాసి, మళ్లీ ఫోన్‌లో పోషణ్ ట్రాకర్‌కు ఎక్కించాలి. ఓటర్ల జాబితా సవరణ వచ్చిందంటే చాలాచోట్ల బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) బాధ్యత కూడా ఆమె నెత్తినే పడుతుంది. వంట, ఊడ్చడం, పిల్లల మూతులు కడగడం ఆయమ్మ వంతు.

ఇంత చేసినా వాళ్లు ఉద్యోగులు కారు. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైన నాటి నుంచీ వారిది స్వచ్ఛంద సేవ కిందే లెక్క. కేంద్రం 2018లో ఖరారు చేసిన గౌరవ వేతనం టీచరుకు నెలకు రూ.4,500, ఆయాకు రూ.2,250. ఆపైన ఎంత కలిపితే అంత రాష్ట్రాల దయ. ఆంధ్రప్రదేశ్ 2019లో టీచరుకు రూ.11,500, ఆయాకు రూ.7,000 చేసింది. తెలంగాణలో 2021లో టీచరు వేతనం రూ.13,650 అయింది.

ఆంధ్రలో ఆ పెంపే మరో చిక్కు తెచ్చింది. పల్లెల్లో సంక్షేమ పథకాలకు కుటుంబ ఆదాయ పరిమితి నెలకు రూ.10,000గా పెట్టారు. రూ.1,500 ఎక్కువ రావడంతో టీచర్ల ఇళ్లకు పథకాలు ఆగాయి. ఉద్యోగికి దక్కేవి ఎలాగూ లేవు, పేదకు దక్కేవీ పోయాయి. ఇలాంటి గోడులన్నీ కలిసి 2023 డిసెంబరు 12న సమ్మెగా మారాయి. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో, జనవరి 6న, ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది.

పని ఆగితే అత్యవసర సేవ ఆగినట్టేనని ప్రభుత్వమే అన్నప్పుడు, ఆ పని చేసేవాళ్లు ఉద్యోగులు కాకుండా ఎలా పోతారు?

కోర్టుల్లోనూ దారి మెల్లగానే తెరుచుకుంది. ఇవి ప్రభుత్వ పోస్టులు కావని 2006లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 2022 ఏప్రిల్ 25న గుజరాత్ కేసులో వీరికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తేల్చింది. అంతకుముందే, 2013లో, 45వ భారత కార్మిక సదస్సు వీరిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది.

కాబట్టి కొత్త కమిటీల అవసరం లేదు. కేంద్రం ఆ సిఫారసును చట్టంగా చేయాలి. ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాలూ తమ చేతిలో ఉన్నది చేయాలి: రిటైరయ్యే ప్రతి టీచరుకూ, ఆయాకూ గ్రాట్యుటీని ఆఖరి పనిదినం నాడే చెల్లించాలి.