పాస్తాలో మన చింతపల్లి రాజ్మా

పాస్తా అనగానే మన ఐటీ జనాభాకి రెండే రంగులు తెలుసు. వైట్ సాసు, రెడ్ సాసు. రుషికొండ నుంచి మాధాపూర్ దాకా ఏ ఫుడ్ కోర్టులో చూసినా ఇదే మెనూ. దాని మీద ఇంత చీజు, పక్కన గార్లిక్ బ్రెడ్డు, ఆ పైన బిల్లు. దాంతో ఇటలీ వంట అంటే డబ్బున్నోళ్ళ తిండి అని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నా గోల ఏంటంటే, ఇటలీలో పేదవాళ్ళు శతాబ్దాలుగా తిన్న అసలు పాస్తాని మనం పట్టించుకోలేదు. పైగా దానికి కావలసిన ముఖ్యమైన సరుకు మన వైజాగు పక్క కొండల్లోనే పండుతోంది.

దాని పేరు పాస్తా ఎ ఫాజోలి. అంటే పాస్తా, చిక్కుడు గింజలు. అంతే, పేరులోనే రెసిపీ ఉంది. మాంసం కొనలేని ఇళ్ళలో గింజలు ఉడకబెట్టి, అందులోనే నాలుగు పాస్తా ముక్కలు పడేసి, చిక్కటి సూపులా కాచుకునేవారు. 1880 - 1920 మధ్య దక్షిణ ఇటలీ నుంచి లక్షల మంది పొట్ట చేతపట్టుకుని అమెరికా వెళ్ళినప్పుడు ఇదీ వాళ్ళతో ఓడెక్కింది. అక్కడ "పాస్తా ఫజూల్" అయింది. మన ఉత్తరాంధ్ర జనం ఓడెక్కి రంగూన్ వెళ్ళిన రోజులు కూడా దాదాపు అవే. ఆ కథ తెలియాలంటే కంచరపాలెం బర్మా క్యాంపులో పెద్దవాళ్ళని అడగండి. వలస వెళ్ళినవాడి మూటలో ఉండేది ఎప్పుడూ పేదవాడి వంటే.

ఇంకో తమాషా. ఇప్పుడు ఇటలీవాళ్ళు వాడే చిక్కుడు గింజ, మన రాజ్మా, రెండూ ఒకే జాతి. పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ తర్వాతే యూరప్ చేరాయి. అంతకు ముందు వాళ్ళు తిన్నవి మన బొబ్బర్ల జాతి గింజలు. అన్నీబాలే కరాచ్చి 1580లలో వేసిన "చిక్కుళ్ళు తినేవాడు" బొమ్మలో ఆ కూలివాడి గిన్నెలో ఉన్నవి నల్ల కన్నున్న ఆ గింజలే అంటారు. అంచేత రాజ్మా దొరక్కపోతే బొబ్బర్లతో చేసుకోండి, ఎవరూ కోప్పడరు.

ఇక అసలు విషయానికొస్తాను. చింతపల్లి, జీకే వీధి, పాడేరు వైపు గిరిజన రైతులు రబీలో రాజ్మా వేస్తారు. 2022 దాకా అది మన విశాఖ జిల్లానే, ఇప్పుడు అల్లూరి జిల్లా. ఆ పంటని చాలావరకు వ్యాపారులు సంతల్లో కొని బయటి రాష్ట్రాలకి పంపేస్తారు. మనమేమో సూపర్ మార్కెట్టుకి వెళ్ళి ఏ దేశం నుంచో వచ్చిన రేకు డబ్బా కొంటాం. 400 గ్రాముల డబ్బాలో నీళ్ళు వంచేస్తే మిగిలేది సుమారు 240 గ్రాముల ఉడికిన గింజలు. 100 గ్రాముల ఎండు రాజ్మా నానబెట్టి ఉడికిస్తే దాదాపు అన్నే వస్తాయి. మిగతా డబ్బులు రేకుకీ, ఉప్పునీళ్ళకీ, ఓడ కిరాయికీ.

ఇది రుచి గొడవ మాత్రమే కాదండీ. ఆ కొండల్లో గంజాయి సంగతి అందరికీ తెలిసిందే. 2021 చివర్లో "ఆపరేషన్ పరివర్తన" అని తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. బదులుగా వెయ్యమని చెప్పిన పంటల్లో రాజ్మా ఒకటి. విత్తనాలివ్వడం సులువే. కొనేవాడు కావాలి కదా! పండించినది సంతలో ఎంతకిస్తే అంతకి అమ్ముకోవాల్సి వస్తే ఆ రైతు రాజ్మానే ఎన్నేళ్ళు నమ్ముకుంటాడు? అరకు కాఫీకి 2017లో పారిస్‌లో కొట్టు తెరిచారు, 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. అదే కొండల రాజ్మాని పక్కనున్న వైజాగువాళ్ళమే పేరు పెట్టి అడగం.

చెయ్యడం కష్టమా అంటే, అస్సలు కాదు. ఒక కప్పు రాజ్మా రాత్రి నానబోయండి. ఇది బ్యాచ్ జాబు లాంటిది, మీరు పడుకున్నా దాని పని అది చేసుకుపోతుంది. పొద్దున్న ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కర్లో మెత్తబడేదాకా ఏడెనిమిది విజిల్స్. ఇక్కడ మాత్రం షార్ట్‌కట్ వద్దు. ఎర్ర రాజ్మా పచ్చిగా ఉంటే అందులో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, వాంతులు పట్టుకుంటాయి. బాగా మరిగితేనే పోతుంది. సన్నసెగ స్లో కుక్కర్ పనికిరాదు, మన ప్రెషర్ కుక్కరే మేలు.

బాణట్లో నూనె వేసి ఉల్లిపాయ, క్యారెట్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండుమిరపకాయ వేయించండి. ఆలివ్ నూనె ఉంటే సరే, లేకపోతే వేరుశనగ నూనె. మూడు టమాటాలు మగ్గాక ఉడికిన గింజలు నీళ్ళతో సహా పొయ్యండి. సగం గింజల్ని ముందే పప్పుగుత్తితో మెదపాలి. చిక్కదనం అక్కడే వస్తుంది, క్రీము అక్కర్లేదు. ఉప్పు వేసి, మరుగుతుండగా గుప్పెడున్నర చిన్న మకరోనీ అందులోనే వేసి ఉడకనివ్వండి. విడిగా ఉడికించి వారిస్తే గంజి పోతుంది. మకరోనీ కొనేటప్పుడు డ్యూరమ్ గోధుమదా అని లేబుల్ చూడండి, మైదాదైతే ముద్దయిపోతుంది. చల్లారితే గట్టిపడుతుంది, వేడినీళ్ళు కలుపుకుంటే సరి.

"ఇంతోటి దానికి పప్పన్నం తింటే పోలా?" అనొచ్చు. తినండి, నిక్షేపంగా. రెండిటి లెక్కా ఒకటే, ధాన్యంలో తక్కువైన లైసిన్‌ని పప్పుగింజ పూరిస్తుంది. కానీ పిల్లలు పాస్తా కావాలని ఎలాగూ అడుగుతారు, మనం ఎలాగూ ఆర్డర్ పెడతాం. ఆ డబ్బులు మైదాకీ చీజుకీ పోయే బదులు కొండ మీద రైతుకి కొంచెమైనా చేరితే మంచిది కదా అనే నా బాధంతా.

మనం వారానికో కప్పు వండుకున్నంత మాత్రాన ఏజెన్సీ బాగుపడిపోతుందని నేను అనను. ప్రభుత్వం గిట్టుబాటు ధరకి కొనాలి, జీసీసీ అరల్లో తేనె, కాఫీల పక్కన రాజ్మా ఎప్పుడూ ఉండాలి. కానీ గిరాకీ లేని సరుకు ఏ కొట్టువాడూ పెట్టడు. అంచేత ఈసారి పూర్ణా మార్కెట్టుకి వెళ్తే ఉత్తి "రాజ్మా" అని అడక్కండి. "చింతపల్లి రాజ్మా ఉందా?" అని అడగండి. లేదంటే వచ్చే వారం మళ్ళీ అడగండి.