దాణా ఖర్చు ఏ ఖాతాలో?

2020 జనవరిలో ముంబై పోలీసులకు మళ్లీ గుర్రాలొచ్చాయి. ట్రాఫిక్ పెరిగిపోయిందంటూ 1932లో రద్దు చేసిన అశ్వదళాన్ని 88 ఏళ్ల తర్వాత పునరుద్ధరిస్తున్నట్టు అప్పటి మహారాష్ట్ర హోంమంత్రి అనిల్ దేశ్‌ముఖ్ ప్రకటించారు. ఆ నెలాఖరున శివాజీ పార్కు రిపబ్లిక్ డే కవాతులో గుర్రాలు దర్జాగా నడిచాయి. 1932లో అడ్డొచ్చిన ట్రాఫిక్ ఆ తర్వాత ఏమన్నా తగ్గిందా అంటే అది వేరే సంగతి. పర్యాటకులను తిప్పే విక్టోరియా గుర్రపు బగ్గీలు చట్టవిరుద్ధమని బాంబే హైకోర్టు 2015లో తేల్చింది కూడా ఇదే నగరం విషయంలో.

గుర్రం మీదున్న ఒక్క పోలీసు నేల మీదున్న 30 మందితో సమానమన్నది మంత్రిగారి వాదన. అందులో నిజం లేకపోలేదు. అంత ఎత్తున కూర్చున్నవాడికి గుంపు చివరి దాకా కనిపిస్తుంది, గుంపుకు అతనూ కనిపిస్తాడు. లాఠీ ఎత్తకుండానే జనం రెండడుగులు వెనక్కి వేస్తారు. కానీ ప్రకటించిన 30 గుర్రాల దళానికి ఎస్సై నుంచి కానిస్టేబుల్ దాకా 38 మంది సిబ్బంది కావాలన్నది కూడా ఆ ప్రతిపాదనలోనే ఉంది. జీపునైతే షిఫ్టుకో డ్రైవర్‌ను మార్చి రోజంతా తిప్పొచ్చు. గుర్రాన్ని తిప్పలేరు. ఎండలో, తారురోడ్డు మీద కొన్ని గంటలు తిరిగితే దాని పని అయిపోయినట్టే.

కొనుగోలు ధర ఒక్కసారితో పోతుంది. ఆ తర్వాతే అసలు ఖర్చు. నాలుగైదు వందల కిలోల జంతువు రోజుకు ఎనిమిది, పది కిలోల గడ్డీ దాణా తింటుంది, ముప్ఫై నలభై లీటర్ల నీళ్లు తాగుతుంది. పదిహేను కిలోలకు తగ్గకుండా పేడ వేస్తుంది. దాన్ని రోజూ ఎత్తి ఎక్కడో పారబోయాలి, నగరంలో అదీ ఒక ఖర్చే. ఆరేడు వారాలకోసారి లాడాలు మార్చాలి. గుర్రం వాంతి చేసుకోలేదు. మేత తేడా వచ్చి కడుపునొప్పి పట్టుకుంటే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. అర్ధరాత్రి ఫోన్ చేస్తే పరుగున రాగల పశువైద్యుడు, అందులోనూ గుర్రాల వైద్యం తెలిసినవాడు ఉండాలి. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేద’ని తెలుగువాళ్లు ఊరికే అనలేదు. బందోబస్తు ఉన్న రోజూ తింటుంది, లేని రోజూ తింటుంది.

లెక్కల పుస్తకంలోకి రాని ఖర్చు మరొకటుంది. 2016 మార్చిలో డెహ్రాడూన్‌లో రాజకీయ నిరసన ప్రదర్శన దగ్గర మోహరించిన ఉత్తరాఖండ్ పోలీసు గుర్రం ‘శక్తిమాన్’ తోపులాటలో పడిపోయింది. వెనక కాలు విరిగింది. ఆ కాలు తీసేశారు, కృత్రిమ కాలు అమర్చారు, దేశమంతా దాని కోసం ఆరాటపడింది. ఏప్రిల్ 20న అది చనిపోయింది. కేసులో నిందితులను 2021లో కోర్టు నిర్దోషులుగా తేల్చింది. తప్పెవరిదన్నది పక్కన పెట్టినా, గుంపును అదుపు చేయడానికి తెచ్చిన జంతువు గుంపు మధ్యలో ఎంత నిస్సహాయమో ఆ రోజు తెలిసింది. అది బెదిరితే కాళ్ల కింద పడేది జనమే.

అలాగని అశ్వదళాలన్నీ దండగ అనడానికి లేదు. చెన్నై మెరీనా ఇసుకలో జీపు దిగబడుతుంది, గుర్రం నడుస్తుంది. కోల్‌కతా మైదాన్‌లో ఫుట్‌బాల్ అభిమానుల హడావుడిని సర్దడంలో గుర్రపు పోలీసులది పాత అనుభవం. మైసూరు దసరా ఊరేగింపును గుర్రాలు లేకుండా ఊహించలేం. సముద్రతీరం, పెద్ద మైదానం, విశాలమైన పార్కు ఉన్నచోట పదీ పదిహేను గుర్రాలు అక్కరకొస్తాయి. సందుల్లో గస్తీకి, ఫ్లైఓవర్ కింద బందోబస్తుకు వాటిని తెచ్చే నగరం మాత్రం పోలీసు బడ్జెట్‌తో ముచ్చట తీర్చుకుంటున్నట్టే.

కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగులుతుంది. నాలుగేళ్ల వయసులో పనిలోకి దిగిన గుర్రం పద్దెనిమిది, ఇరవై దాకా పనిచేస్తుంది. బాగా చూసుకుంటే పాతికేళ్లు దాటి బతుకుతుంది. ఆ చివరి ఏళ్ల మేతకు డబ్బు ఎవరిస్తారు? పాత జీపును వేసినట్టు వేలం వేస్తే అది ఏ పెళ్లి బరాత్‌లోనో, టాంగా ముందో తేలుతుంది. కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టిన అధికారి అప్పటికి రిటైరై పింఛను తీసుకుంటూ ఉంటారు.