ఒక్కసారి కొలిస్తే చాలదు

ఇంటర్నెట్‌లో మనం టైపు చేసిన పేరుకు అంకెల చిరునామా వెదికి చెప్పేది డి.ఎన్.ఎస్. సర్వరు. ఈ పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. ఏ సర్వరు త్వరగా జవాబిస్తుందో తెలుసుకోవడమెలా? 'డిగ్' అనే ప్రోగ్రాము జవాబుకు పట్టిన కాలాన్ని మిల్లీసెకన్లలో చూపుతుంది.

అయితే ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పరాదు. మొదటిసారి ఆ సర్వరు ఇతర సర్వర్లను అడగవలసి రావచ్చు. రెండోసారి తాను దాచుకున్న జవాబే ఇస్తుంది. కనుక తొందరగా వస్తుంది. ఈ రెంటినీ వేరువేరుగా, పలుమార్లు కొలవాలి. ఉదాహరణకు 20, 22, 21, 24, 313 మిల్లీసెకన్లు వచ్చాయనుకోండి. సగటు 80! మధ్యగతం 22 మాత్రమే. ఏది నిజానికి దగ్గర? అసలు జవాబే రానివెన్నో కూడా రాసుకోవాలి.

ప్రశ్న వెళ్ళి జవాబు తిరిగివచ్చే ప్రయాణ కాలం కూడా ఇందులో కలిసి ఉంటుంది. అందుచేత హైదరాబాదులో కొలిచిన ఫలితం మాచర్లకు అలాగే వర్తించదు.

'మాదే అన్నింటికన్న వేగం' అనే ప్రకటన చూస్తే, ఎక్కడ కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు అని అడగండి. మీ ప్రయోగాల రికార్డులనూ అలాగే ప్రశ్నించుకోండి. లోలకం ప్రయోగంలో పుస్తకంలోని జవాబుకు సరిపోయే కొలత ఒక్కటే ఉంచి, తక్కినవి కొట్టివేయడం సైన్సు కాదు. నచ్చని కొలతనూ రాసి ఉంచడమే సైన్సు అని నా అభిప్రాయం.