పసిబుగ్గల మీద ఎగ్జిమా
నాలుగు నెలల పాపకు బుగ్గలు కంది, గరుకుదేరి, రాత్రంతా నిద్రలేక ఏడుస్తోందంటే, “తల్లి వంకాయ తిన్నది” అని ఇంట్లో పత్యం మొదలుపెడతారు. డాక్టరు చెప్పకుండా పాలిచ్చే తల్లిని మాడ్చడం నాకిష్టం లేదు.

ఎగ్జిమా అంటువ్యాధి కాదు. చర్మం తేమను నిలుపుకోలేకపోవడం దీనికి ముఖ్యకారణం. కనుక సున్నిపిండి నలుగు, వేడినీళ్ళు మానండి. గోరువెచ్చని నీళ్ళతో 5–10 నిమిషాల్లో స్నానం ముగించి, మెత్తని గుడ్డతో అద్ది, ఒంటి తడి ఆరకముందే వాసనలేని వాజలైను దట్టంగా రాయండి. గోళ్ళు కత్తిరించి, పల్చని నూలుబట్టలు తొడగండి.

డాక్టరిచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంటును భయపడి మానకండి. సొంతంగా కొనీ రాయకండి. రసి కారినా, పసుపుపచ్చని చెక్కు కట్టినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి. చాలామంది పిల్లలకు పెద్దవుతున్నకొద్దీ ఇది తగ్గుతుంది, తల్లీ, దిగులుపడకు.